గరాజ్‌లో గీసిన పొయ్యి

శనివారం పొద్దున త్రివేణి గ్రైండర్‌లోంచి గారెల పిండి తీస్తోంది. డైనింగ్ టేబుల్ దగ్గర ఆమె భర్త దివాకర్, కూతురు తన్వి లాప్‌టాప్‌లో తలలు దూర్చి కూర్చున్నారు. అమెరికాలో, అట్లాంటా దగ్గరి కమ్మింగ్‌లో ఈ ఇల్లు కొన్న పద్నాలుగేళ్లకి వంటిల్లు మార్పిస్తున్నారు. సోమవారం డ్రాయింగ్ మీద సంతకం పెడితే కేబినెట్లు తయారీకి వెళ్లిపోతాయి, ఆ తరువాత మార్చడం కుదరదు. మధ్యాహ్నం భోజనానికి వచ్చే స్నేహితులు రాజీవ్, రేణులకి ఆ డ్రాయింగ్ చూపించాలని దివాకర్ తెగ సంబరపడుతున్నాడు.

"త్రివేణీ, ఈ శాంపిల్ డోర్ చూడు! హ్యాండిలే ఉండదు. ఇలా నొక్కితే చాలు, తెరుచుకుంటుంది," అన్నాడు, షాపువాళ్లిచ్చిన తెల్లటి చిన్న కేబినెట్‌ని ముందుకు జరిపి.

త్రివేణి పిండి చేత్తోనే వచ్చి నొక్కింది. తలుపు తెరుచుకుంది. దాని మీద అయిదు వేళ్లూ అచ్చుపడ్డాయి.

"అమ్మా! అది వైట్!" అని అరిచింది తన్వి.

"వంట చేసేటప్పుడు నా చేతులు ఇలాగే ఉంటాయి తల్లీ. మీరేమో షోరూమ్‌లో పొడి చేతులతో నొక్కి మురిసిపోయి వచ్చారు."

దివాకర్ తేలిగ్గా నవ్వేశాడు. "అదేం ప్రాబ్లమ్ కాదులే. నువ్వు ఇక్కడ వండవుగా!"

త్రివేణి చెయ్యి తుడుచుకుని స్క్రీన్ వైపు వంగింది. అంచు దాటి నేలదాకా జారిన తెల్లటి క్వార్ట్జ్ రాతి గట్టు, కాఫీ మెషీన్‌కి ప్రత్యేకంగా ఒక మూల, పాలు కాచుకోవడానికి చిన్న ఇండక్షన్ పొయ్యి. గ్రైండర్ లేదు, పెద్ద పొయ్యి లేదు. అవి రెండూ గోడకి అవతల, గరాజ్‌లో వాటర్ హీటర్ పక్కన కనిపించాయి.

"ఏమిటండీ ఇది?"

"స్పైస్ కిచెన్. పోపులు, వేపుళ్లు అన్నీ అక్కడే. ఈ క్వార్ట్జ్‌కి పసుపు అంటితే ఒక పట్టాన పోదట. ఇప్పుడు అందరూ ఇలాగే చేయించుకుంటున్నారు."

ఆ అందరిలో పొయ్యి దగ్గర నిలబడేవాళ్లని ఎవరైనా అడిగారో లేదో దివాకర్‌కి తెలియదు. పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో ఆయనగారు పొయ్యి వెలిగించింది టీ కోసమే. అదీ ఆవిడ జ్వరంతో మంచం దిగలేని రోజున.

"అంటే ఈ వంటిల్లు చుట్టాలు చూడ్డానికి, గరాజ్ నాకు. అంతేగా?"

"డ్రామా చేయకు. నీ కంఫర్ట్ కోసమే ప్లాన్ చేశాం."

"నన్ను అడక్కుండానే నా కంఫర్ట్ మీకెలా తెలిసిందండీ? నేనూ ఉద్యోగం చేసి ఇంటికొచ్చేదాన్నేగా. మీరిద్దరూ ఇక్కడ కూర్చుని కబుర్లు చెప్పుకుంటుంటే, నేను కార్ల మధ్య నిలబడి కూర కలపాలా? వాసన మీకు తగలకూడదు, కూర మాత్రం మీ కంచంలోకి రావాలి!"

"ఒక్క పొయ్యి కోసం ఇంత గొడవా?"

ఆ మాటకి త్రివేణికి ఒళ్లు మండిపోయింది. పిండి గిన్నె, మూకుడు, నూనె సీసా తెచ్చి అతని ముందు ఠక్కున పెట్టింది.

"ఒక్క పొయ్యేగా. ఇవాళ గారెలు మీరే వేయండి. చేపలు వేయించే కరెంటు పొయ్యి గరాజ్‌లోనే ఉంది."

"నాకు గారెలు రావు!"

"పిండి నేను కలిపాను. తట్టి, చిల్లు పెట్టి, నూనెలో వదలడమే. ఆ మాత్రం రాని మనిషి వంటిల్లు ఎలా గీయించారు?"

తన్వి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కూతురి ముందు వెనక్కి తగ్గడం ఇష్టం లేక దివాకర్ రోషంగా గిన్నె ఎత్తుకుని వెళ్లాడు.

జూలై ఎండ. పన్నెండింటికి రాజీవ్, రేణు వచ్చారు. అతిథులు వచ్చిన రోజున త్రివేణి సోఫాలో కూర్చోవడం అదే మొదటిసారి. మనసు సగం గరాజ్‌లోనే ఉన్నా పంతం పట్టి లేవలేదు.

"అన్నయ్యగారేరి?" అంది రేణు.

"గారెలు వేస్తున్నారు."

అందరూ పడీపడీ నవ్వారు. ఆ నవ్వులు ఆగకముందే గరాజ్ తలుపు తెరుచుకుంది. దివాకర్ చొక్కా తడిసి వీపుకి అతుక్కుపోయింది. మోచేతుల దాకా పిండి, మణికట్టు మీద నూనె చింది కాలిన మచ్చ.

"పేపర్ టవల్స్ తెమ్మని మూడుసార్లు పిలిచాను. ఒక్కరూ పలకరే!"

"వినపడలేదండీ," అంది త్రివేణి. నిజంగానే వినపడలేదు.

"నాకు మాత్రం మీ నవ్వులు వినపడుతూనే ఉన్నాయి. ఎందుకు నవ్వుతున్నారో తెలియదు. ఒక్కడినే అక్కడ..."

కోపంగా మొదలైన మాట మధ్యలోనే ఆగిపోయింది. అతను త్రివేణి వైపు చూసి, తల దించుకుని సింక్ దగ్గరికి నడిచాడు.

స్నేహితులు వెళ్లాక వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. "నలభై నిమిషాలే త్రివేణీ. నన్ను ఇంట్లోంచి పంపేసినట్టు అనిపించింది."

"మీకు నలభై నిమిషాలు. నాకు మిగిలిన జీవితమంతా అక్కడే గీసిపెట్టారు." ఇంత కోపంలో ఏడుపు వస్తున్నందుకు తన మీద తనకే ఉక్రోషం వచ్చింది.

"సారీ అమ్మా. నేను కూడా యెస్ అన్నాను. నా జాకెట్‌కి స్మెల్ వస్తుందని..." అని నసిగింది తన్వి.

"జాకెట్‌ని అల్మారాలో పెట్టి తలుపు వెయ్యవే. అమ్మని కాదు."

తన్వి వచ్చి తల్లి మెడ చుట్టూ చేతులు వేసింది. దివాకర్ డ్రాయింగ్ తెరిచి గరాజ్‌లో పొయ్యిని చెరిపేశాడు.

"నువ్వే చెప్పు. నువ్వు ఎక్కడ నిలబడతావు?"

ముదురు రంగు గ్రానైట్, చిటికెన వేలితో లాగినా తెరుచుకునే హ్యాండిళ్లు, గ్రైండర్ పక్కనే ప్లగ్గు. పోట్లాడుతున్నంతసేపూ త్రివేణి మనసులో అన్నీ సిద్ధంగానే ఉన్నాయి. తీరా అడిగేసరికి కళ్లల్లో నీళ్లు నిండాయి. ఈరోజు ఏం వండుతున్నావని ఈ ఇంట్లో ఆమెని రోజూ అడిగారు. ఎక్కడ నిలబడతావని అడిగినవాళ్లు లేరు.

కళ్లు తుడుచుకుని స్క్రీన్ మీద గది మధ్యలో వేలు పెట్టింది.

"ఇక్కడ," అంది. "మీ ఇద్దరి మొహాలూ కనబడేలా."