దోరమాగిన నోట్సు

ధరణి అంటే ఓర్పుకు పేరు. తిరుపతిలో ఫిలిం స్టడీస్ చదువుతున్న మన ధరణికి పేరొక్కటే వచ్చింది, ఓర్పు రాలేదు.

క్లాస్‌మేట్ గిరిప్రసాద్‌కు జెరాక్సుకని నోట్సిచ్చిన మూడో రోజున అతన్ని డిపార్ట్‌మెంటు మెట్ల మీద పట్టుకుంది. ఫైల్లో వరసగా పెట్టిచ్చిన నూటపన్నెండు కాగితాలు మూడు కట్టలై తిరిగొచ్చాయి. పేజీ నంబర్లు లేవు. వేస్తే అందం చెడుతుందని ఆమే వేయలేదు.

"ఏంది గిరీ ఇది?"

"మాగినవి, దోరవి, పచ్చివి."

బంగారుపాళ్యం మండీలో మామిడికాయల్ని గ్రేడు చేసే ఇంట్లో పుట్టినవాడు. పరీక్షలో తప్పక వచ్చేవి మాగినవి, రావచ్చనిపించేవి దోరవి, రానివి పచ్చివి. ఉపకారం చేశానన్న తృప్తితో నిలబడ్డాడు.

"నా నోట్సు మామిడికాయలా? ఎల్లుండి ఎడిటింగ్ పేపరు. వరసలో సదివితేనే నాకు ఎక్కతాది. ఇది పోతే సెన్నై ఉద్యోగం పాయ."

చెన్నైలో ఒక స్టూడియో డిగ్రీతో రమ్మంది. పాసైతేనే బస్సెక్కమని వాళ్లమ్మ అంది. ఫైలు చెదిరితే ఫెయిలే.

ఆమె కట్ చెప్పి వెళ్లిపోయేదే. ఇంతలో అతను, వరస తనే పెడతానని కట్టలు విప్పాడు. చినుకులు మొదలయ్యాయని ఇద్దరూ వరండాలోకి జరిగారు.

మొదటి కాగితం చూసి, ఇది జూలై మొదటి వారానిదన్నాడు. ఆ రోజు ఆమెకు జలుబట, అక్షరాలు వంకర పోయాయట. పచ్చ ఇంకుది, ఆమె పెన్ను ఆగిపోయి తనది తీసుకున్న రోజుది. నూనె మరకది, కార్వేటినగరం అత్త మురుకులు పంపిన మర్నాటిది. సీనుకూ సీనుకూ మధ్య చొక్కా గుండీ కూడా మారకుండా చూసుకోవడమే కంటిన్యూటీ అని తాను రాసుకున్న పాఠం ధరణికి గుర్తొచ్చింది.

"పాఠం యాడుండాదో తెలీదు గానీ, నా జలుబు గుర్తుండాదా?"

"నాకు బోర్డు కనపడదు. నువ్వు అడ్డం కూర్చుంటావు."

"పక్కకి జరగొచ్చు గదా."

"ఏడాదంతా జరగల్యా."

చివరికి ఒక్క కాగితం మిగిలింది. అటూ ఇటూ తిప్పి, ఇదొక్కటి తనకు తెలియడం లేదన్నాడు. ధరణి చటుక్కున చెయ్యి చాపింది గానీ ఆలస్యమైంది. మార్జిన్లో చిన్న అక్షరాలు: "గిరి ఈ దినం గూడా రాలా. జరమంట."

ఇద్దరూ కాసేపు వానను శ్రద్ధగా పరిశీలించారు. తర్వాత ధరణి పెన్ను తీసి అతని చేతిలో పెట్టింది.

"నంబర్లు వెయ్యి. ఈ వరస ఇంకెవురికీ తెలీదు."

"దీనికెంత వేసేది?"

"పచ్చిదో మాగిందో ముందు అది చెప్పు."

మండీలో వాళ్ల నాయన చూసినట్టే, గిరిప్రసాద్ కాగితాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు.

"మాగింది."

రెండు రోజుల తర్వాత పేపర్లో మొదటి ప్రశ్న, కంటిన్యూటీని ఉదాహరణలతో వివరించమని. ధరణి అరగంటకే అడిషనల్ షీటు అడిగింది. వెనక బెంచీలో గిరిప్రసాద్ కూడా అడిగాడు.