పందొమ్మిది రోజుల ఫిర్యాదు

2006 జూన్ ఏడవ తేదీ, బుధవారం. మృగశిర వస్తున్నది కాబట్టి వాన రావాలని పంచాంగం చెప్పింది. ఆకాశానికి ఆ సంగతి ఎవరూ చెప్పినట్లు లేదు. నిజామాబాదు ఖలీల్‌వాడిలో, ఒక ఇంటర్నెట్ కంపెనీ కార్యాలయంలో, ఫిర్యాదుల బల్ల ముందు చెమట తుడుచుకుంటూ కూర్చున్న సిద్దిరాములు ఆ ఉదయం పదకొండవ ఫోన్ ఎత్తాడు.

"నమస్కారం మేడం, చెప్పుండ్రి."

"నమస్కారం తర్వాత. మీ ఇంటర్నెట్ బతికున్నదా సచ్చిందా, గది చెప్పుండ్రి ముందు."

"మీ పేరు?"

"ఎస్తేరు రాణి. బోధన్, శక్కర్‌నగర్. పొద్దుగాల నుంచి ఒక్క పేజీ తెరుస్తలేదు."

"మోడెం మీద ఎన్ని లైట్లు వెలుగుతున్నయి మేడం?"

"నాలుగు. నాలుగూ నవ్వుకుంట వెలుగుతున్నయి. గదే నాకు మండుతున్నది."

సిద్దిరాములు నవ్వు ఆపుకున్నాడు. మాక్లూరు రైతు ఇంటి పిల్లవాడు. ఈ ఉద్యోగంలో చేరి ఏడు నెలలయింది. కనెక్షన్‌కు పట్టిన ఏ జబ్బునైనా ఒక్కొక్క అనుమానాన్ని తీసివేస్తూ పట్టుకోవడం అతనికి ఇష్టం. ఆమె చేత కంప్యూటర్‌లో నల్లని తెర తెరిపించి, ఒక నంబరు కొట్టించాడు. జవాబు వచ్చింది. అదే చోట ఒక వెబ్‌సైటు పేరు కొట్టించాడు. దొరకలేదన్నది.

"లైను మంచిగనే ఉన్నది మేడం. లోకంల ప్రతి కంప్యూటర్‌కు ఒక నంబరుంటది. మనం పేరు కొడితే, మా ఆఫీసుల ఒక మిషను ఆ పేరుకు నంబరు వెతికి ఇస్తది. గా మిషను సతాయిస్తున్నది."

"అంటే పాటలన్నీ ఉన్నయి, పుస్తకం వెనుక సూచిక చినిగింది. గంతేనా?"

"ఏం పుస్తకం?"

"మా చర్చి పాటల పుస్తకం. మా బాపు పాటలెత్తి పాడిస్తడు గని ఒక్క నంబరూ యాదుండది. మా అవ్వకు సూచికే అక్కర లేదు, ఏ పాటడిగినా నంబరు చెప్తది. మీ మిషను జాగల మా అవ్వను కూసోపెట్టుకోండ్రి." అని ఆమె నవ్వింది.

ఏడు నెలలలో అతడు ఈ విషయాన్ని కొన్ని వందల మందికి వివరించి ఉంటాడు. ఎవరూ ఇంత చక్కగా తిరిగి అప్పగించలేదు.

చికిత్స సులభమైనదే. మోడెం అమరికలలోకి వెళ్లి, జబ్బుపడిన మిషను నంబరు తీసివేసి, కార్యాలయంలోనే ఉన్న రెండవ మిషను నంబరు రాస్తే సరిపోతుంది. రెండు నిమిషాల పని. చెప్పబోయాడు. అయితే చెవిలో ఆ నవ్వు ఇంకా ఉన్నది. చెబితే ఈ ఫోన్ ఇదే చివరిది అవుతుంది.

"మీకిప్పుడు ఏ సైటు కావాలె?" అని మాత్రం అడిగాడు.

ఆమె ఇంటి వద్దనే టైపు పని చేస్తున్నది. దూరదేశపు డాక్టర్లు మాట్లాడి పంపినదానిని విని, టైపు చేసి, హైదరాబాదు కంపెనీ సైటుకు గడువులోగా పంపాలి. "టైముకు పోకుంటె నా పని పోతది," అన్నది. ఫోన్ చేసే ప్రతి ఒక్కరూ పరీక్ష పోతుందనో పెళ్లి ఆగుతుందనో అనడం అతనికి అలవాటే; విన్నదానిలో సగం తీసివేయడం నేర్చుకున్నాడు. సైటు నంబరు వెతికి చెప్పాడు. అది కొట్టగానే పేజీ తెరుచుకున్నది. అసలు మందు రేపు చెప్పవచ్చుననుకున్నాడు.

మరునాడు ఆమెకు మెయిల్ తెరుచుకోలేదు. దాని నంబరు చెప్పాడు. మూడవనాడు మందుల పేర్ల నిఘంటువు. ఐదవనాడు చర్చిలో స్నేహితురాలి పెళ్లి ఫోటోలు. ప్రతి పేరుకూ ఒక నంబరు, ప్రతి నంబరుకూ ఒక ఫోన్.

"మీ పేరు చెప్పనే లేదు సార్."

"సిద్దిరాములు."

"కంప్యూటర్ ఆఫీసుల గింత పాత పేరా?"

"మా తాతది. మీదెంత కొత్తది?"

"బైబిల్ల పేరు, రెండున్నర వేల ఏండ్లది," అన్నది రాణి. "గని మంచిగ కాపాడుకున్నం."

రాణి ఫోన్ వచ్చే వేళ, పదిన్నర దాటితే, అతనికి బల్ల దగ్గర కాలు నిలిచేది కాదు. ఇతరుల ఫోన్‌లను ఎంత త్వరగా ముగించవచ్చునో అంత త్వరగా ముగించేవాడు. మోగకపోతే రిసీవర్ ఎత్తి లైను ఉన్నదో లేదో చూసేవాడు. ప్రతి రాత్రీ రేపు తప్పక చెప్పాలనుకునేవాడు. ప్రతి పగలూ ఆ రేపును ఇంకొంచెం ముందుకు జరిపేవాడు. తాను చేస్తున్నది తప్పని అతనికి తెలుసు. తెలియడం వేరు, మానడం వేరు.

బోధన్‌లోనూ పరిస్థితి ప్రశాంతంగా ఏమీ లేదు. ఫోన్ చేసే ముందు మనుమరాలు గొంతు సవరించుకోవడం యేసమ్మవ్వ కనిపెట్టింది.

"మిషను చెడిపోతె ఏడ్వాలె గని, గింత సంబురమేందే?"

"సంబురమేం లేదవ్వా. పని."

"పనా. నేనూ చేసిన బిడ్డా పనులు. తలకు నూనె రాసుకోని ఫోన్ చేసే పని మటుకు చెయ్యలే."

రాణి తండ్రి హనోకు చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు బండ్లను తూచే కాటా గుమస్తాగా పనిచేసి రిటైరయ్యాడు. వాడకుండా మిగిలిన కాటా చీటీల కట్టలు ఇంట్లో బీరువా నిండా ఉన్నాయి. ఆ ఇంట్లో ఏది రాసినా వాటి వెనుకనే: పాలవాడి లెక్క, ఆదివారం పాటల నంబర్లు, ఇప్పుడు సిద్దిరాములు చెప్పే నంబర్లు.

పద్దెనిమిదవ రోజు, శనివారం సాయంత్రం, హైదరాబాదు కంపెనీ తన సైటును కొత్త చోటికి మార్చింది. రాణి ఫోన్ చేసింది. అతడు చెప్పిన కొత్త నంబరులోని నాలుగు సంఖ్యలను చీటీ వెనుక ఒకదాని కింద ఒకటి రాసుకున్నది: 198, 51, 100, 23. ఆ చీటీని కంప్యూటర్ పక్కన పెట్టింది. హనోకు కూడా మరునాటి పాటల చీటీని అక్కడే పెట్టాడు. ఆరాధనలో పాడేవీ నాలుగే.

ఆదివారం ఉదయం పది దాటి ఐదు నిమిషాలు. సిద్దిరాములుకు ఆ రోజు డ్యూటీ ఉన్నది.

"నంబరు తీసుకుంటలేదు," అన్నది రాణి. గొంతులో నవ్వు లేదు. "పదిన్నరకు ఫైలు పోవాలె. రెండుసార్లు ఆలస్యమైంది, రెండూ మీ మిషను ఆగంజేసిన దినాలే. మూడోసారైతే ఇంటికాడి పని నుంచి పేరు కొట్టేస్తరు. హైదరాబాద్ హాస్టల్ల ఉండి ఆఫీసుల చెయ్యాలె, లేకుంటె మానాలె. అవ్వను ఇడిచిపెట్టి నేనేడికి పోత?"

అతడు సగం తీసివేసి విన్న మాట మొత్తంగా ఇప్పుడు వినిపించింది.

"ఏం కొట్టిండ్రో చదువుండ్రి."

"నలభై ఏడు, నూటా ఎనభై, నాలుగు వందల పన్నెండు..."

"ఆగుండ్రి. అందుల ఏ అంకె కూడ రెండు వందల యాభై అయిదు దాటది. నాలుగు వందల పన్నెండు నేను చెప్పలే."

రాణి చీటీని దగ్గరగా పట్టి చూసింది. తండ్రి చేతిరాత. గల్లీ అవతల చర్చి కిటికీలు తెరిచి ఉన్నాయి. సంఘమంతా కలిసి గొంతెత్తి పాడుతున్నది. ఆమె ఫోన్‌ను కిటికీ వైపు పట్టింది.

"ఇనవడుతున్నదా?"

"పాట."

"క్రిస్మస్ పాట. జూన్ నెలల. మా బాపు నీ నంబర్లు పాడిస్తున్నడు."

ఇంకెప్పుడైనా అయితే ఇద్దరూ పడిపడి నవ్వేవారు. పది దాటి పదకొండు నిమిషాలయింది. నిన్నటి నంబరును మళ్లీ చెప్పడానికి సిద్దిరాములుకు అర నిమిషం చాలు. ఆమెకు పని జరిగిపోతుంది. రేపు మళ్లీ ఫోన్ వస్తుంది. కంపెనీ ఇంకొకసారి సైటు మారిస్తే, ఆ వేళ తాను బల్ల దగ్గర లేకపోతే, ఆ మూడవ ఆలస్యం తన చేతిమీదుగానే జరుగుతుంది.

"నంబరొద్దు," అన్నాడు. "మోడెం పేజీ తెరువుండ్రి. నేను చెప్పినట్టు చెయ్యుండ్రి."

ఒక గడిలో ఉన్నది చెరిపించాడు. రెండవ మిషను నంబరు రాయించాడు. మోడెం ఆర్పించి, మళ్లీ వెలిగించాడు. "ఇప్పుడు పేరే కొట్టుండ్రి."

పేజీ తెరుచుకున్నది. పదీ ఇరవై రెండుకు ఫైలు వెళ్లిపోయింది. ఆమె గట్టిగా ఊపిరి వదలడం అతనికి వినిపించింది.

"ఇగ నంబర్లు అడిగే పని లేదా?"

"లేదు."

"రెండు నిమిషాల పని."

"అవును."

"గిది నీకు ఎప్పటి నుంచి తెల్సు?"

"మొదటి దినం నుంచి. చెప్తే మళ్ల ఫోన్ చెయ్యవని చెప్పలే."

"నీకు నా గొంతు కావాలె. నాకు నా పని కావాలె. రెండూ ఒక్కటే అనుకున్నవా?"

ఆమె ఫోన్ పెట్టేసింది.

సోమవారం సిద్దిరాములు ఫిర్యాదుల పుస్తకంలో తన మీద తానే రాశాడు: "బోధన్ కనెక్షన్. పరిష్కారానికి పట్టవలసినది రెండు నిమిషాలు. పట్టినది పందొమ్మిది రోజులు. కారణం: ఫోన్ ఎత్తిన వ్యక్తి." మేనేజర్ రామ్‌దాస్ దానిని రెండుసార్లు చదివి, కళ్లద్దాల మీది నుంచి చూసి, "నిన్ను ఫోన్ల కాడ ఉంచుడు మంచిగ లేదు, తమ్మీ," అని తీగలు లాగే పనికి పంపాడు. గురువారం వాన కురిసింది. స్తంభం మీద తడుస్తూ అతడు ఆదివారం దాకా రోజులు లెక్కపెట్టాడు.

ఆదివారం మధ్యాహ్నం ఎడపల్లి మీదుగా బోధన్ బస్సెక్కాడు. కిటికీ పక్కన సీటు దొరికినా కుదురుగా కూర్చోలేదు. శక్కర్‌నగర్‌లో చర్చి ఎదుటి ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. వాకిట్లో యేసమ్మవ్వ చింతపండు పిక్కలు తీస్తున్నది.

"ఎవరు బిడ్డా?"

"ఇంటర్నెట్ ఆఫీసు నుంచి అవ్వా. సిద్దిరాములు."

అవ్వ అతనిని తల నుంచి చెప్పుల దాకా చూసింది. "ఫోన్ల జర లావుగ అనిపిచ్చినవ్," అని లోపలికి కేక వేసింది. "హనోకూ, నంబర్ల పిలగాడొచ్చిండు."

హనోకు కుర్చీ వేశాడు. రాణి వంటింటి గడప దగ్గర నిలుచున్నది. అతడు ఆమె ముఖాన్ని చూడడం అదే మొదటిసారి. ఊహించుకున్నదానికి ఎక్కడా పొత్తు కుదరలేదు. ఊహను వదులుకోవడానికి అతనికి అర క్షణం కూడా పట్టలేదు.

కూర్చోకుండానే జరిగినదంతా చెప్పాడు. పందొమ్మిది రోజులను పందొమ్మిదిగానే చెప్పాడు. చివరకు, "ఆ ఆదివారం మీరు పాడిచ్చినవి పాటల నంబర్లు కావు సార్. రాణిగారి సైటు నంబరు," అన్నాడు.

హనోకు దగ్గాడు. చాలాసేపు దగ్గాడు.

"పెళ్లి పాట, పుట్టుక పాట, కోత పాట, సావు పాట," అన్నది అవ్వ. "మనిషి బతుకంత వరుసగ పెట్టిండని సంఘమంత మెచ్చుకున్నది. పాస్టరు ప్రసంగం గూడ మార్చుకున్నడు. దేవుడే నడిపిచ్చిండన్నడు మావోడు."

"నేనట్ల అనలే అవ్వా. వాళ్లన్నరు. నేను కాదనలే," అన్నాడు హనోకు. నేల వైపు చూశాడు. "రెండో పాటకే తెల్సింది, చీటీ నాది కాదని. మెచ్చుకుంటుంటే నోరు రాలే. ముప్పై ఏండ్లు కాటా మీద ఒక్క కిలో తేడా రానియ్యలే నేను." కుర్చీ ముందుకు జరిపి, "కూసో బిడ్డా. నిన్ను తిట్టే మొఖం నాకు లేదు. తిట్టేటామె గామె," అని గడప వైపు చూపించాడు.

అవ్వ చేట పక్కన పెట్టి, కొడుకును లేవదీసుకొని వెనుక వాకిట్లోకి వెళ్లింది.

రాణి ముందుకు వచ్చింది. "నీ మీద నువ్వే రాసుకున్నవంట."

"ఎవరు చెప్పిండ్రు?"

"మీ ఆఫీసుల ఎవరో రాజనర్సు. మంగళవారం ఫోన్ చేసిన."

"మంగళవారమా? మళ్ల సైటు తెరవలేదా?"

"తెరుచుకుంటున్నది."

"మరి?"

ఆమె గోడ మీది క్యాలెండర్ వైపు చూసింది. "బుధవారం గూడ చేసిన. నిన్న గూడ. ప్రతిసారి వేరేటోళ్లే ఎత్తిండ్రు. ఏం ఫిర్యాదని అడిగిండ్రు. ఏమన్న చెప్పాలె గద, మౌసు కదుల్తలేదని చెప్పిన."

"కదుల్తలేదా?"

"మంచిగ కదుల్తున్నది," అన్నది రాణి, ముఖం తిప్పుకోకుండా. "నా కోపం గూడ ఇంకా మంచిగనే ఉన్నది. అది దిగెటందుకు టైము పడుతది. ఎన్ని రోజులని అడగకు."

"అడగ."

"నా పనికి అడ్డమొచ్చేది ఏదున్నా, తెల్సిన నిమిషమే చెప్పాలె."

"చెప్త."

ఆమె వంటింటి వైపు తిరుగుతూ అన్నది:

"చాయ్ పెడుతున్న, కూసో. వచ్చే ఆదివారం గూడ రా. ఏం చెడిపోకున్నా రా."