వెనెట్కా వెతికిన మూల

మా ఊళ్ళో మనిషి చస్తే చచ్చినట్టు కాదు. గెంచో గోడకి అంటిస్తేనే చచ్చినట్టు.

నవ్వకండి. నల్ల అంచు, పైన సిలువ, మధ్యలో ఫోటో, కింద పేరు. ఆ చావు కాగితం ఇంటి గేటుకీ, కరెంటు స్తంభానికీ, బస్టాండు బోర్డుకీ పడేదాకా మా డాన్యూబు ఒడ్డున ఎవడూ ఏడవడు. పోయినప్పుడొకటి, నలభయ్యో రోజుకొకటి, ఏడాదికొకటి. ఒకసారి గెంచోకి జలుబు చేసి వారం మంచమెక్కాడు. ఆ వారం ఊళ్ళో ఒక్కడంటే ఒక్కడు పోలేదు! నమ్మకపోతే చేపల కొట్టువాణ్ణి అడగండి. వాడు నాకంటే పెద్ద అబద్ధాలకోరు, అయినా ఈ మాట మాత్రం ఒప్పుకుంటాడు.

గెంచో కొట్టు ఆ చేపల కొట్టు పక్కనే. ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, ఒక కట్టెల పొయ్యి. గొప్పలన్నీ గెంచోవి, పనంతా పెళ్ళాం వెనెట్కాది. అతను బంక బకెట్టు పట్టుకుని ఊరు తిరిగేవాడు, ఆవిడ కంప్యూటరు ముందు కూర్చునేది. కూర్చునేదంటే, కూర్చుని వంకాయలు తరిగేది, చేపలవాడితో పోట్లాడేది, మధ్యలో స్క్రీను వైపు చూడకుండానే మౌసుని ఎడమ పక్క కింది మూలకి ఒక్క తోపు తోసేది. ఉంగరం మౌసుకి తగిలి టిక్. బటన్ పడి టక్. ఆ మూలలోంచి ఆవిడకి కావలసినవన్నీ తెరుచుకునేవి. టిక్, టక్. పాతికేళ్ళు అదే చప్పుడు.

ఆ మూలలోనే ఒక ఫోటో దాచుకుంది. పెరట్లో పసుపుపచ్చ పళ్ళు కాసే క్విన్సు చెట్టు కింద నిలబడి, ఎదురుగా మన మొహంలోకి చూస్తూ పళ్ళన్నీ బయటపెట్టి నవ్వే ఫోటో.

"ఏమయ్యోయ్, నేను పోతే ఇదే వెయ్యాలి. మెడ కింద మడతలున్నది వేశావో, లేచొచ్చి నీ కాగితాలన్నీ చింపి పోగులు పెడతా."

"నువ్వు పోవే, నన్ను తిని గానీ పోవు. సరేలే, ఒట్టు."

వెనెట్కా చలికాలం మొదట్లో పోయింది, ఉన్నట్టుండి. ఆ కంగారులో గెంచోకి ఫోటో దొరకలేదు, గుర్తింపు కార్డు మీది మడతల ఫోటోనే అంటించాడు. మరదలు త్సోన్కా చూసి మూతి ముడుచుకుంది.

"అక్క చెప్పిందేంటి, నువ్వు చేసిందేంటి బావా?"

"నలభయ్యో రోజుకి అదే వేస్తా. నా మీసం మీద ఒట్టు."

మీకు తెలుసుగా, నలభై రోజుల దాకా పోయినవాళ్ళు ఇంట్లోనే తిరుగుతారు. వస్తువులు కదపకూడదు, తడుముకుంటారు. గెంచో ఆ పట్టింపు బాగానే పాటించాడు. వెనెట్కా చెప్పులు చెప్పుల దగ్గరే, కళ్ళజోడు కళ్ళజోడు దగ్గరే. దీపం, గ్లాసుడు నీళ్ళు. కానీ పొద్దున్నే కొట్టు తెరిచి కంప్యూటరు వెయ్యగానే, స్క్రీను మీద ఒక ముక్క వచ్చేది.

"గెంచో, మాత్ర వేసుకున్నావా?"

అతనికి గుర్తుచెయ్యడానికి ఆవిడ బతికుండగా కంప్యూటర్లో పెట్టి పోయిన ముక్క అది. రోజూ వచ్చేది. మధ్యాహ్నం ఇంకోటి: "మఫ్లరు కట్టుకున్నావా, ముసలోడా?" మొదటి వారం ఏడ్చాడు. రెండో వారం స్క్రీనుకి తువ్వాలు కప్పాడు. ఆ తర్వాత కంప్యూటర్లు బాగుచేసే క్రాసిని పిలిచాడు.

"కొత్త సిస్టం ఎక్కించెయ్యమ్మా. అందరూ మారుతున్నారంటగా."

"ఎక్కిస్తా మావా. పాతవి ఉంచనా, తుడిచెయ్యనా?"

"తుడిచెయ్."

"అన్నీనా? అత్త ఫోటోలూ అవీ ఉంటాయేమో చూసుకో. నలభై కూడా కాలేదుగా, ఏదీ కదపకూడదంటారు..."

"అది మంచాలకీ చెప్పులకీ. కంప్యూటరు కూడా సామానేనా? కావలసినవన్నీ నా బుర్రలో ఉన్నాయి. తుడిచెయ్!"

క్రాసి లేచి కుర్చీ వెనక్కి జరిపింది. "ఐతే ఆ నొక్కుడేదో నువ్వే నొక్కు. ఆ పాపం నాకొద్దు."

గెంచో నొక్కాడు. ఆ క్షణంలో ఫోటో సంగతి గుర్తుకొచ్చిందా లేదా? వచ్చింది. ఆ మాత్రల మాట, మఫ్లరు మాట ఇంక కనబడకపోతే చాలనుకున్నాడు. పెళ్ళాం నోరు మూయించాడు, అంతే.

ఇంక కొత్త సిస్టంతో గెంచో కుస్తీ చూడాలి! కళ్ళు మూసుకుని పని చేస్తానన్న మొనగాడు కళ్ళు తెరుచుకుని కూడా చెయ్యలేకపోయాడు. స్క్రీను మీద అన్నిటికీ మూలలు అరిగి గుండ్రంగా అయిపోయాయి, వాడేసిన సబ్బుల్లా. ఎడమ మూలలో ఉండే బటన్ని ఎవరో తీసుకెళ్ళి నడిమధ్యలో కూర్చోబెట్టారు. నల్ల అంచు పెట్టబోతే నీలం వచ్చింది. పోయిన పాలవాడి ఫోటో చుట్టూ నీలం అంచు చూసి వాడి కొడుకు, "మా నాన్న చచ్చాడా, లాటరీ కొట్టాడా?" అని తిట్టిపోశాడు.

ఫోటో మాత్రం లేదు. ఎక్కడా లేదు. త్సోన్కా అడిగినప్పుడల్లా, "ఉంది, ఉంది," అంటూ వచ్చాడు.

నలభైకి ముందు రోజు. సాయంత్రమింకా మొదలవలేదు, చీకటి మాత్రం వచ్చేసింది. మా దగ్గర చలికాలం అంతే. నది మీంచి మంచు లేచి వీధంతా తడిబట్టలా కప్పేసింది. చేపలవాడు తలుపు దించేసి వెళ్ళిపోయాడు. త్సోన్కా రేపు అక్క పేరున పంచడానికి గోధుమలు ఉడకబెడుతూ మధ్యలో పరిగెత్తుకొచ్చింది, చేతులకింకా పంచదార.

"తీశావా బావా ఫోటో?"

"తీశా."

"ఏదీ, చూపించు."

"పొద్దున బోర్డు మీద చూద్దువుగాని. పో, గోధుమలు మాడతాయి."

త్సోన్కా వెళ్ళింది. గెంచో పొయ్యిలో కట్టె వేసి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. మళ్ళీ ఆ కార్డు ఫోటోనే వేసి, రేపు ఏదో ఒక బొంకు బొంకుదామని లెక్క. కట్టె చిటపటమంటోంది. బకెట్లో బంక పులిసిన వాసన. కిటికీ అద్దం మీంచి నీటిబొట్టు జారుతోంది.

అప్పుడు ఇంకో వాసన వచ్చింది. నిప్పుల మీద కాల్చిన ఎర్ర మిరపకాయల వాసన. వెనెట్కా చేతుల వాసన అది. ఎండాకాలం చివర ఊరంతా మిరపకాయలు కాల్చి జాడీల్లో పెడతారు, మంచులో ఎవరు కాలుస్తారు?

గెంచో ముక్కు తుడుచుకున్నాడు.

స్క్రీను మీద బాణం కదిలింది.

అతని చేతులు రెండూ ఒళ్ళో ఉన్నాయి. బాణం నెమ్మదిగా పాకింది... ఎడమ పక్కకి... కిందికి... మూల దాకా. అక్కడ ఆగింది.

టిక్.

టక్.

ఏమీ తెరుచుకోలేదు. అక్కడేముంది తెరుచుకోడానికి?

బాణం వెనక్కొచ్చింది. మళ్ళీ వెళ్ళింది. టిక్, టక్. చీకట్లో ఇంటికొచ్చిన మనిషి దీపం మీట కోసం గోడ తడిమినట్టు. ఈ గోడకే ఉండాలే... ఇక్కడే ఉండేదే... టిక్, టక్. టిక్, టక్. ఊరు మొత్తానికి చావు కాగితాలు అంటించిన మొనగాడు కుర్చీతో సహా వెనక్కి జరిగాడు.

ఉంగరం ఆవిడతోపాటే పెట్టెలో పెట్టారు. పెట్టె మూత మీద మేకు కొట్టింది గెంచోనే.

"వెనెట్కా..." అన్నాడు. "ఒసేయ్... నువ్వేనా?"

టిక్.

ఇంతలో గెంచోకి భయాన్ని మించింది ఇంకోటి వచ్చింది. జాలి. పాతికేళ్ళు కూర్చున్న చోట కూర్చుని గుడ్డిదానిలా తడుముకుంటోంది పిచ్చిది.

"మధ్యలో..." అన్నాడు గుసగుసగా. "అక్కడ లేదే ఇప్పుడు. మధ్యలోకి మార్చారు. కుడి పక్కకి జరుగు... ఇంకొంచెం... ఆ, అదే."

బాణం అతని మాట వింది. బతికుండగా ఎన్నడూ విననిది, ఇప్పుడు వింది. మధ్యకొచ్చి ఆగింది. టక్. వెతకడానికి తెల్లటి పెట్టె తెరుచుకుంది. అందులో అక్షరాలు పడ్డాయి, ఒక్కొక్కటీ.

క్విన్సు చెట్టు.

స్క్రీను జవాబిచ్చింది: ఏమీ దొరకలేదు.

మళ్ళీ పడ్డాయి. మళ్ళీ అదే జవాబు. మళ్ళీ... మళ్ళీ... పక్కన ఖాళీ కుర్చీ కిర్రుమంది, ఎవరో ముందుకి వంగినట్టు. పొయ్యిలో నిప్పు ఉంది, కొట్టు మాత్రం నది అడుగులా చల్లబడిపోయింది. గెంచో నోట్లోంచి పొగ వస్తోంది. పక్క కుర్చీలోంచి రావట్లేదు.

ఇంకో మాట పడింది.

ఎవరు తీసేశారు

గెంచో పెదాలు తడుపుకున్నాడు. అడిగింది ఒక్క ముక్కే. చెప్పాల్సిందీ ఒక్క ముక్కే. నేనే. నీ మాట వినలేక నేనే. చెప్పేస్తే ఏం పోయేది? ఆవిడ తిట్టేది. పాతికేళ్ళు తిట్టలేదా? తిట్టి, మఫ్లరు కట్టుకోమని చెప్పి పోయేది.

"క్రాసి..." అన్నాడు. "ఆ పిల్లే తీసేసిందే. కొత్త సిస్టం మింగేసింది. నేను... నేను చెయ్యి కూడా పెట్టలేదు."

చప్పుడాగిపోయింది.

మిరపకాయల వాసన పోయింది. అక్షరాలు వచ్చినట్టే వెనక్కి తుడుచుకుపోయాయి. బాణం మధ్యలోంచి బయల్దేరింది... మళ్ళీ ఎడమకి... మళ్ళీ కిందికి... మూలకెళ్ళి ఆగింది. ఇంక కదల్లేదు.

ప్రింటరు గుర్రుమంది.

ఒక కాగితం. ఇంకోటి. ఇంకోటి. నల్ల అంచు, నీలం కాదు, చక్కటి నల్లది. వెనెట్కా పేరు. మధ్యలో క్విన్సు చెట్టు, చెట్టు కింద ఆవిడ. అదే ఫోటో! గెంచో కాగితం గుండెకి హత్తుకుని భోరుమన్నాడు. దొరికింది కదా, ఇంకెవరేమడుగుతారు అనుకున్నాడు. సరిగ్గా చూడలేదు. ఏడుస్తున్నవాడు ఏం చూస్తాడు?

పొద్దున మంచు కొంచెం విడింది. గెంచో గేటుకీ, స్తంభాలకీ అంటించుకుంటూ బస్టాండుకి చేరాడు. బోర్డు నిండా కాగితాలే. నిన్నటివి, మొన్నటివి, వానకి వెలిసిపోయిన నిరుటివి. పాలవాడు కూడా ఉన్నాడు, నీలం అంచుతో. గెంచో బంక పూసి, వెనెట్కాని మధ్యలో పెట్టి, లేస్తున్న ఎడమ పక్క కింది మూలని అరచేత్తో అదిమి పట్టుకున్నాడు.

త్సోన్కా గోధుమల గిన్నె పట్టుకుని వచ్చింది. చూసి మెత్తబడింది.

"మొత్తానికి మాట నిలబెట్టుకున్నావు బావా. మీసం దక్కింది." దగ్గరికొచ్చింది. "అవునూ... ఈ ఫోటోలో అక్క ఎదురుగా చూసి నవ్వేది కదా?"

గెంచో తలెత్తాడు.

నవ్వు అలాగే ఉంది. కళ్ళు మాత్రం ఎదురుగా లేవు. కిందికి, ఎడమ మూలకి చూస్తున్నాయి.

"అక్కడేం పోయింది అక్కకి? ఏం వెతుకుతోంది?"

ఇప్పుడైనా చెప్పొచ్చు. గెంచో నోరు తెరిచాడు.

"ఏమో. కొత్త సిస్టం కదా... ఏదో చేసుంటుంది."

త్సోన్కా వెనెట్కాని చూడ్డం మానేసి పక్క కాగితం చూస్తోంది. తర్వాత దాని పక్కది. పాలవాడు. వాడి పైన పోయిన ఏడాది పోయిన పంతులమ్మ. ఆ పైన వెలిసిపోయి పేరు కూడా కనబడని ముసలాయన. పాలవాడిది తప్ప అవన్నీ పాత సిస్టం మీద, వెనెట్కా తన చేత్తో చేసినవి... బోర్డు మీద ఉన్న ప్రతి మొహం కళ్ళు దించి ఒక్క చోటికే చూస్తోంది.

ఆ నొక్కుడు నొక్కిన గెంచో చేతి కేసి.

గెంచో కాగితం మీంచి చెయ్యి తీశాడు. మెల్లిగా వెనక్కి లాక్కుని కోటు జేబులో పెట్టుకున్నాడు.

గోధుమల గిన్నె కింద పడింది. త్సోన్కా బోర్డు నుంచి ఒక అడుగు వెనక్కి వేసి, గొంతు తగ్గించి అడిగింది.

"బావా... ఆ జేబులో ఏం దాచావ్?"