కాలివేళ్లు ఆడించమన్నందుకు

“ఏమండీ, మిమ్మల్నే! యూనిఫారం వేసుకోగానే చెవులు పనిచేయడం మానేస్తాయా?”

ఆమె నాతో అన్న మొదటి మాట అది. మగవాళ్ల సర్జికల్ వార్డులో, పొద్దున పదింటికి, ఇరవై మంది రోగుల ముందు.

నేను నర్సింగ్ మూడో ఏడు చదువుతున్నాను. ఆమె డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతుంది. నాలుగో మంచం మీద వాళ్ల నాన్న. మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకున్నారు. ముందురోజే పిండికట్టు వేశారు. “అమ్మో, చచ్చాన్రోయ్!” అని ఆయన పెడుతున్న కేకలు వరండా దాకా వినిపిస్తున్నాయి.

నేను ముందు ఆయన దగ్గరికే పరుగెత్తాను. కట్టు చివర బయటికి కనిపిస్తున్న వేళ్లు తాకి చూశాను. వెచ్చగా, మామూలు రంగులోనే ఉన్నాయి. “వేళ్లు ఆడించండి” అన్నాను. తిట్టుకుంటూనే ఆడించారు. నొప్పి నిజమే గానీ అప్పటికప్పుడు ప్రమాదమేమీ లేదు.

అంతలో ఐదో మంచం మీద చూపు పడింది. కడుపు ఆపరేషన్ అయి ఒక్కరోజైన మాస్టారు. మామూలుగానే నోరెత్తని మనిషి. అప్పుడూ ఎత్తలేదు. దుప్పటి అంచు పీక్కుంటూ గసపోస్తున్నారు. పెదాలు నీలంగా మారాయి.

అరిచే మనిషికి కనీసం ఊపిరి ఆడుతోంది. మాస్టారికి అదే ఆడడం లేదు.

సిస్టర్‌ని కేకేసి, మంచం తలవైపు పైకెత్తాను. సిస్టర్ ఆక్సిజన్ పెట్టింది. డాక్టరు వచ్చారు, ఐసీయూకి తీసుకుపోయారు. అదంతా పదకొండు నిమిషాలు. ఆ పదకొండు నిమిషాలూ నా వీపు వెనక ఆమె గొంతు ఆగితే ఒట్టు.

మర్నాడు మా ట్యూటర్ మేడం పిలిచి, ఆమె ఆసుపత్రి సూపరింటెండెంట్ గారికి రాసిన ఫిర్యాదు చదివి వినిపించారు.

“‘నొప్పితో విలవిల్లాడుతున్న మా నాన్నగారి చేత సదరు విద్యార్థి కాలివేళ్లు ఆడించి వినోదం చూసి, నిద్రపోతున్న పక్క రోగితో కాలక్షేపం చేశాడు.’ నాకు నవ్వాగడం లేదయ్యా.”

“నాకు రావడం లేదు మేడం! మనిషి ప్రాణం మీదికొస్తే పరుగెత్తడం కాలక్షేపమా?”

“నువ్వు చేసింది నూటికి నూరుపాళ్లూ కరెక్టు. మరి ఆ అమ్మాయికి చెప్పావా?”

“చెప్పే టైమెక్కడిది?”

“‘పక్కాయనకి ఊపిరాడట్లేదు, చూసొస్తా.’ ఇది చెప్పడానికి నాకెంత టైము పట్టింది?”

ఆవిడ మాట నిజమే. కోపం మాత్రం చల్లారలేదు.

చల్లారనిచ్చిందెవరు? సూపరింటెండెంట్ గారు మేడంని అడగలేదు, సిస్టర్‌ని అడగలేదు. రెండు వారాలు వార్డులో అడుగు పెట్టొద్దని, దుప్పట్ల గదిలో పనిచేయమని ఆర్డరు పంపారు. ఆ రెండు వారాల వార్డు హాజరు పోతే నన్ను ఈ ఏడు పరీక్షకు కూర్చోనివ్వరు. మేడం రెండుసార్లు వెళ్లి మాట్లాడినా ఆయన వినలేదు.

మూడో రోజు దుప్పట్ల గది తలుపు ధడాలున తెరుచుకుంది. ఆమే.

“మీరిక్కడేం చేస్తున్నారు?”

“మీ దయవల్ల దుప్పట్లు మడుస్తున్నాను.”

“మాస్టారి భార్య ఇప్పుడే చెప్పారు. ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ కట్టిందట. కాస్త ఆలస్యమైతే దక్కేవారు కాదట. ఈ ముక్క మీరు నాతో ఎందుకు చెప్పలేదు?”

“మీరు చెప్పనిచ్చారా?”

“మలుపు తిరిగేవాడు ఇండికేటర్ వెయ్యాలా, వద్దా? తిరగడం కరెక్టే కావచ్చు. వెనకొచ్చేదానికి ఎలా తెలుస్తుంది?”

“గుద్దింది మీరు!”

“గుద్దాను. సారీ! అయినా సగం తప్పు మీదే!”

సారీ ఇంత కోపంగా చెప్పొచ్చని నాకు అప్పుడే తెలిసింది. కోపానికి ఆమె ముక్కుకొస ఎర్రబడుతుందనీ తెలిసింది. అది గమనించినందుకు నా మీద నాకే ఒళ్లు మండింది.

పరీక్ష సంగతి చెప్పగానే ఆమె విసవిసా సూపరింటెండెంట్ గదికి నడిచింది. నేను వెనకే పరుగెత్తాను.

“నా ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాను సార్.”

“కుదరదమ్మా. చర్య తీసుకోమని మీరే కదా రాశారు?”

“తెలియక రాశాను! తెలియని మనిషి రాస్తే, తెలిసిన మీరు కనుక్కోవద్దూ? వార్డులో ఒక్కరినైనా అడిగారా? ప్రాణం కాపాడినవాడికి దుప్పట్ల గదా? రేపు మా నాన్నకే ఊపిరాడకపోతే, ఈయన ఎవరి కేకలకో భయపడి అటు పరుగెత్తాలా?”

వరండాలో జనం గుమిగూడారు. సూపరింటెండెంట్ గారు కళ్లజోడు తీసి తుడిచారు, పెట్టుకున్నారు, మళ్లీ తుడిచారు. చివరికి డ్యూటీ సిస్టర్‌ని పిలిపించి జరిగింది రాయించుకున్నారు. సాయంత్రానికి ఆర్డరు రద్దయింది.

ఆ గదిలోంచి ఇద్దరం బయటికొచ్చినప్పుడే అనుకున్నాను. ఇన్నేళ్లలో నా తరఫున అంత గట్టిగా అరిచినవాళ్లు లేరు.

“థాంక్స్” అన్నాను.

“అక్కర్లేదు” అని విసురుగా అని, నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి చూసింది.

ఆ తర్వాతి వారం ఆమె వార్డుకి కాస్త ముందే రావడం, నేను నాలుగో మంచం బీపీ అందరికన్నా చివర చూడడం మొదలైంది. చివరైతే కాసేపు నిలబడొచ్చు. మాస్టారు కోలుకుని, ఐసీయూ నుంచి వార్డుకి తిరిగొచ్చారు.

వాళ్ల నాన్నను డిశ్చార్జి చేసిన రోజు జాగ్రత్తలు చెప్పాను. కట్టు తడవకూడదు, దురద పెడుతోందని లోపలికి పుల్లలు పెట్టకూడదు, నొప్పి ఎక్కువైనా వేళ్లు తిమ్మిరెక్కినా వెంటనే రావాలి. ఆమె బుద్ధిగా అన్నీ రాసుకుంది.

“ఇవేవీ లేకపోతే?”

“పది రోజులకి చూపించుకుంటే చాలు.”

“పది రోజులా?” గయ్యిమంది. వెంటనే నాలుక కరుచుకుంది.

నా గుండె ఎంత వేగంగా కొట్టుకుందో లెక్కపెట్టే ధైర్యం లేకపోయింది.

“ఆదివారం నాకు సెలవు. మీ డ్రైవింగ్ స్కూలుకి రావచ్చా?”

“కారు నేర్చుకుంటారా?”

“లేదు. మిమ్మల్ని చూడాలి. పది రోజులు నావల్ల కాదు.”

దేనికైనా ఠక్కున జవాబిచ్చే మనిషి నేల చూపులు చూసింది. వీల్‌చైర్‌లోంచి వాళ్ల నాన్న మా ఇద్దరినీ మార్చి మార్చి చూశారు.

“చెప్పవే తల్లీ! నాకేం అభ్యంతరం లేదు. కూర్చుని కూర్చుని నడుం పట్టేస్తోంది.”

“ఆదివారం స్కూలు ఉండదు” అంది, కోపంగానే. “ఇంటికి రండి.”