సిరిసిల్ల పోని కారు

స్వరూప చెంబుతో నీళ్లు పోస్తూ, కారు కిందున్న ఎర్ర మరకను చీపురుతో రుద్దుతోంది. మూడు వారాలుగా రోజూ ఇదే పని.

కారు వాళ్ల నాన్న రాజన్నది. దుబాయ్‌లో పన్నెండేళ్లు డ్రైవరుగా చేసి జగిత్యాలకు తిరిగొచ్చాక, పాత ఆటోమేటిక్ కారు కొన్నాడు. అందులోనే సిరిసిల్ల పోయి, స్వరూపకు వచ్చిన సంబంధం ఖాయం చేసుకోవాలని ఆయన పంతం. బస్సులో పోతే ఇజ్జత్ ఉండదట.

గేరు డ్రైవ్‌లో పెడితే ఇంజను గర్జించేది గానీ, కారు అలిగిన అల్లుడిలా కదిలేది కాదు. పక్కింటి వెంకటేశం వచ్చి చూసి క్లచ్ పోయిందన్నాడు. దీనికి క్లచ్ పెడలే లేదు కదా అంటే, తాను చెప్పేదీ అదేనన్నాడు.

రాజన్న మాత్రం దిష్టే అన్నాడు. వారానికి రెండుసార్లు పసుపు, సున్నం కలిపిన ఎర్రనీళ్లు తిప్పి కారు ముందు పోసేవాడు. అందుకే కింద ఎంత ఎర్రగా ఉన్నా ఎవరికీ అనుమానం రాలేదు. దిష్టి తీయని రోజుల్లోనూ మరక ఉంటుందని, అది జిడ్డుగా ఉంటుందని కడిగే స్వరూపకే తెలుసు.

కోరుట్లలో అమ్మానాన్నలతో ఉండే మెకానిక్ శ్రీహరి ఇవాళ మూడోసారి వచ్చాడు. మొదట రాజన్నను చిన్నాయన వరసలో కాక అన్నవాడు, స్వరూప చాయ్ తెచ్చిచ్చిన దగ్గర్నుంచి మామ అంటున్నాడు. వచ్చినప్పుడల్లా బానెట్ ఎత్తి, నిట్టూర్చి, ఇంకోసారి రావాలని చెప్పి పోయేవాడు.

రాజన్న ఎర్రనీళ్లు కలపడానికి లోపలికి వెళ్లాడు. ఆయన రోజూ ఇంజను ఆపేసి, ఆయిల్ కొలిచే కడ్డీ తీసి చూసి, ఎర్రటి గేరు ఆయిల్ నిండుగా ఉందనేవాడు. ఇంజను ఆగితే ఆయిలంతా కిందికి దిగి, ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది. శ్రీహరి ఇంజను వేడెక్కాక, నడుస్తుండగానే తీశాడు. కొస పొడిగా ఉంది.

"సీలు కారుతాంది. ఆయిల్ సగం లేదు," అన్నాడు మెల్లగా.

"నాకెరుకే. కడిగేది నేనే గద."

"మరి మీ నాయినకు చెప్పలే?"

"చెప్తె బండి నడుస్తది. నడుస్తె సిరిసిల్ల పోతది." స్వరూప చీపురును అరచేతికి కొట్టి సరిచేసింది. "నీకెప్పుడు తెల్సింది?"

"మొదటి రోజే."

"మరి నువ్వెందుకు చెప్పలే?"

"సిరిసిల్ల సంగతి మామ గా రోజే చెప్పిండు."

ఇద్దరూ నవ్వబోయి ఆగారు. గడపలో రాజన్న, చేతిలో ఎర్రనీళ్ల పళ్లెం. ఆయన మరకను చూశాడు, కడ్డీని చూశాడు, బిడ్డ ముఖం చూశాడు. కాక అనాలో మామ అనాలో శ్రీహరికి తోచలేదు.

రాజన్న పళ్లెం అరుగు మీద పెట్టి లోపలికి పోయాడు. సిరిసిల్ల కోసం ఇస్త్రీ చేయించి దాచిన తెల్లచొక్కా తొడుక్కుని, దుబాయ్ సెంటు కొట్టుకుని వచ్చాడు. కారు వైపు కన్నెత్తి చూడలేదు. గేటు దాటి, కోరుట్ల బస్సు ఆగే చోటికి నడిచాడు.