ఎవరూ తలుపు తీయని వీధి

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. కట్టిన ఇల్లు కొనేవాడి పాట్లు వాళ్ళకు తెలిసినట్టు లేదు, తెలిసుంటే ఇంకో సామెత పుట్టి ఉండేది. బొమ్మనహళ్ళిలో అద్దెకుంటున్న డేవిడ్ మాస్టారు 2001లో ఎండాకాలమంతా ఇళ్ళు చూస్తూనే తిరిగాడు. నంద్యాల నుంచి వచ్చి అప్పటికి పద్నాలుగేళ్ళు. ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాడు. భార్య శాంతి ఆసుపత్రిలో నర్సు. ఇల్లు చూడబోయిన వాళ్ళు ఎవరైనా నీళ్ళు బాగా వస్తాయా, గాలి ఆడుతుందా అని అడుగుతారు. ఈయన అడిగేది ఒకటే.

"రాత్రి తొమ్మిదిన్నరకు ఒంటరి ఆడమనిషి ఈ వీధిలో నడిచి రావచ్చా?"

మారతహళ్ళిలో ఫ్లాటు చూసి, కుర్రకారు ఎక్కువ, వద్దన్నాడు. ఆనేకల్ దారిలో ఒక ఇల్లు శాంతికి తెగ నచ్చింది. ఈయన వీధి దీపాల మధ్య దూరం అడుగులు వేసి కొలిచి, మధ్యలో చీకటి మిగులుతోందని అదీ వద్దన్నాడు. "పెళ్ళామంటే ఎంత ప్రాణమో చూడండమ్మా!" అని చర్చిలో ఆడవాళ్ళు మురిసిపోయారు. ఆ మాట చెవిన పడినప్పుడల్లా డేవిడ్ తేలు కుట్టిన దొంగలా తల దించుకునేవాడు.

ఎందుకో చెబుతాను. ఫిబ్రవరిలో ఒక రాత్రి తొమ్మిదిన్నరకు డ్యూటీ నుంచి వస్తుంటే, వాళ్ళ సందులోనే ఇద్దరు బైకు మీద వచ్చి శాంతి మెడలో గొలుసు పట్టి లాగారు. అది తెగలేదు. మనిషిని పదడుగులు ఈడ్చుకుపోయారు. "అన్నా! ఎవరన్నా రండన్నా!" అని ఆమె గొంతు చించుకుని అరిచింది. ఒక్క తలుపూ తెరుచుకోలేదు. మోకాళ్ళు చెక్కుకుపోయి, మెడ మీద ఎర్రటి వాతతో ఇంటికొచ్చిన భార్యతో డేవిడ్ అన్నాడు.

"ప్రార్థనలో ఉన్నా శాంతీ. వినపడలేదు."

అబద్ధం. టీవీలో వార్తలు చూస్తున్నాడు. అరుపు విన్నాడు. ఎవరో ఆడమనిషి, మనకెందుకొచ్చిన గొడవ అనుకున్నాడు. లేచి వెళ్ళి గడియ పెట్టి, టీవీ సౌండు పెంచాడు. పన్నెండేళ్ళు కాపురం చేసిన మనిషి గొంతును పోల్చుకోలేకపోయాడు! ఛీ, ఇదీ ఒక బతుకేనా అని ఆయనే ఎన్నోసార్లు అద్దం ముందు అనుకున్నాడు. అనుకుని ఏం లాభం, ఆమెకు చెప్పాలి కదా. చెప్పే ధైర్యం లేక ఇళ్ళు వెతుకుతున్నాడు. మంచి వీధిలో మంచి ఇల్లు కొనేస్తే ఆ రాత్రి చెరిగిపోతుందని ఆశ.

జూన్ నెలలో గురప్ప అనే బ్రోకరు ఒక లేఅవుట్‌కు తీసుకుపోయాడు. హోసూరు రోడ్డు మీది రద్దీ వదిలి పది నిమిషాలు లోపలికి నడిస్తే వస్తుంది. వీధికి అటు ఎనిమిది, ఇటు ఎనిమిది ఇళ్ళు. అన్నిటికీ ఇనుప తలుపులు. మధ్యలో ఒకటి అమ్మకానికి ఖాళీగా ఉంది.

"చీమ చిటుక్కుమన్నా వినపడతాది సార్ ఈడ," అన్నాడు గురప్ప. "పోలీసోళ్ళకు ఈ వీధి దారి కూడా తెలీదు."

ఎదురింటి జయరామప్ప అరుగు మీద పేపరు చదువుకుంటున్నాడు. తాతల కాలం నుంచి అక్కడే ఉన్న తెలుగాయన. డేవిడ్ తన ప్రశ్న ఆయన్నీ అడిగాడు.

"భయమే లేదప్పా," అన్నాడాయన. "ఒకరి జోలికి ఒకరు పోరు. ఎనిమిదేండ్లుగా దొంగ అనేవాడు ఈడ అడుగు పెట్టింది లేదు."

డేవిడ్ ప్రాణం లేచి వచ్చింది. ఇక బయానా ఇవ్వడమే. అయితే వాళ్ళ ఇళ్ళలో ఒక అలవాటుంది. మాట ఇచ్చేముందు ఆ ఇంట్లో ఒక రాత్రి మోకరించి గడపాలి. దేవుడికి ఇష్టం లేని ఇల్లైతే మనసుకు తెలిసిపోతుందని నమ్మకం. ఆలుమగలిద్దరూ కలిసి చేయాలి అది. ఆ వారమంతా శాంతికి నైట్ డ్యూటీ. "సోమవారం దాకా ఆగు, ఇద్దరం పోదాం," అంది. ఇంకెవరో తన్నుకుపోతారని ఈయన ఆగలేదు. గురప్ప దగ్గర తాళం తీసుకుని, చాపా దుప్పటీ చంకన పెట్టుకుని ఒక్కడే బయలుదేరాడు.

ఖాళీ ఇల్లు. కొత్త సున్నం వాసన, దాని కింద మూసిపెట్టిన గదుల ముక్కిన వాసన. బల్బు ఒకటే, హాల్లో. బయట సన్నటి జల్లు పడి ఆగింది. ఎదురింట్లో పోపు వేసిన చప్పుడు, ఎక్కడో పిల్లవాడు ఎక్కాలు అప్పజెప్పడం, ఆ చప్పుళ్ళన్నీ వింటుంటే డేవిడ్‌కు హాయిగా ఉంది. రేపు శాంతి ఈ వీధిలో నడిచి వస్తుంది. నేను గుమ్మంలో నిలబడి ఉంటాను, అనుకున్నాడు. చాప పరిచి మోకరించాడు.

సరిగ్గా తొమ్మిదిన్నరకు పోపు చప్పుడు, ఎక్కాలు, అన్నీ ఒక్కసారే ఆగిపోయాయి.

కరెంటు పోయిందేమో అనుకున్నాడు. పోలేదు. తన బల్బు వెలుగుతూనే ఉంది. కిటికీ సందులోంచి చూశాడు. వీధిలో లైట్లు ఒక్కో ఇంట్లో ఒక్కొక్కటిగా ఆరిపోతున్నాయి. ఎవరో చెప్పి ఆర్పిస్తున్నట్టు, వరసగా... ఆ చివరి నుంచి ఈ చివరికి.

అప్పుడు వినపడింది.

టక్... టక్... టక్...

వీధి మొదట్లో, ఇనుప తలుపు మీద. తర్వాత ఆడగొంతు. పరుగెత్తి వచ్చి రొప్పుతున్న గొంతు.

"అన్నా... తలుపు తియ్యన్నా..."

తలుపు తెరుచుకోలేదు. తడి నేల మీద చెప్పుల్లేని కాళ్ళ చప్పుడు. పక్క తలుపు.

టక్... టక్...

"అన్నా... వస్తా ఉండారన్నా..."

డేవిడ్ లేచాడు. వెళ్ళాలి. ఈసారి వెళ్ళాలి. ఇంకో తలుపు. ఇంకోటి. ఏ ఇంట్లోనూ చిన్న అలికిడి లేదు. అయినా ప్రతి తలుపు వెనకా మనుషులు ఊపిరి బిగబట్టి నిలబడి ఉన్నారని ఆయనకు తెలుసు. తెలియకేం! తనూ ఒకప్పుడు అట్లా నిలబడినవాడే.

ఎదురింటి తలుపు మోగింది. జయరామప్ప తియ్యలేదు.

వీధి దాటి వస్తున్న కాళ్ళ చప్పుడు. మెట్టు మీద. గుమ్మంలో... తలుపు సందులోంచి కుట్టుమిషను నూనె వాసన, కొత్త బట్టల గంజి వాసన గుప్పున కొట్టాయి.

టక్.

డేవిడ్ గడియ మీద చెయ్యి వేశాడు. తీస్తాననే వేశాడు, నా మాట నమ్మండి. కానీ ఆ చెయ్యి గడియ తీయలేదు. పైకి పోయి, పై గడియ కూడా వేసింది.



"లోపల ఉండావు కదన్నా..." అంది గొంతు, చాలా మెల్లగా, తలుపుకు నోరు ఆనించి. "నీ ఊపిరి వినపడతాంది."

అమాంతం మోకాళ్ళ మీద పడి డేవిడ్ గట్టిగా ప్రార్థన మొదలుపెట్టాడు. గట్టిగా... ఇంకా గట్టిగా... ఆ గొంతు వినపడనంత గట్టిగా. దేవుణ్ణి పిలవడానికి కాదు. టీవీ లేదు గనక. ఆ సంగతి ఆయనకు ఆ క్షణంలోనే తెలిసింది. తెలిసీ ఆపలేదు.

తలుపు కొడుతూనే ఉంది. ఎప్పుడు ఆగిందో గుర్తు లేదు.

తెల్లారి తలుపు తీస్తే జయరామప్ప స్టీలు గ్లాసులో కాఫీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. మొహమంతా నవ్వు.

"మంచి పని చేసినావప్పా. యాడ తీస్తావోనని రాత్రంతా మాకు నిద్ర లేదు."

"ఎవరామె?" అన్నాడు డేవిడ్.

"గార్మెంట్స్‌లో పని చేసే పిల్ల. ఎనిమిదేండ్లాయె. ఎవరో మొగోళ్ళు తరుముకొస్తే ఈ వీధిలోకి వచ్చింది. పదహారు తలుపులూ తట్టింది పాపం, తెల్లారేసరికి ప్రాణం లేదు."

"మీరు..."

"నేనూ తీయలేదు," అన్నాడు ముసలాయన, పాలవాడు రాలేదన్నంత మామూలుగా. "ఆ మొగోళ్ళనే గాదు, ఆ తర్వాత ఏ దొంగనీ ఈ వీధిలో చూసినోళ్ళు లేరు. ఆ పిల్లే మాకు కాపలా."

"తలుపు తీస్తే ఏమవుతుంది?"

"ఎవరు తీసినారని చెప్పేకి?" నవ్వాడు జయరామప్ప. "తాగప్పా, చల్లారిపోతాది. నువ్వు మాకు సరిపోయే మనిషివి."

అంతకంటే చెప్పు తీసి కొట్టినా బాగుండేది. సిగ్గుతో తల వేలాడేశాడు డేవిడ్. అయినా గ్లాసు అందుకుని కాఫీ తాగాడు. అదీ మొహమాటానికే. ఇట్లాంటి మనిషికి మొహమాటం ఒకటి!

బస్సులో కిటికీ పక్కన కూర్చుని దారి పొడుగునా మాటలు కూడబలుక్కున్నాడు. ఇల్లు వద్దు, ఏమీ వద్దు. ఇవాళ శాంతికి నిజం చెప్పేయాలి. ఆమె మొహం మీద ఉమ్మేసినా సరే, వదిలేసి పోతానన్నా సరే.

డ్యూటీ నుంచి అప్పుడే వచ్చినట్టుంది శాంతి. యూనిఫాం ఇంకా మార్చుకోలేదు. వంటింట్లో పీట మీద కూర్చుని, గిన్నెలో వేడినీళ్ళు పోసుకుని, కుడిచెయ్యి ముంచుకుని ఉంది. వేళ్ళ కణుపులన్నీ వాచిపోయాయి. తోలు లేచి నెత్తురు గడ్డ కట్టింది.

"ఏమైంది శాంతీ?"

"తెలీదు. వార్డులో కుర్చీలో కాస్త కన్ను మూతపడింది. లేచేసరికి ఇట్లుంది."

 డేవిడ్ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేడు.

"ఫిబ్రవరిలో ఆ రాత్రి... నేను ప్రార్థనలో లేను. నీ అరుపు విన్నా. విని గడియ పెట్టుకున్నా."

నిన్నటి రాత్రి సంగతి ఇంకా నోటిదాకా రానేలేదు. శాంతి తల ఎత్తలేదు. నీళ్ళలో వేళ్ళు మెల్లగా మడిచి, చాచింది.

"తెలుసు," అంది. "రెండుసార్లూ విన్నావు."