పక్కసీటు

అది ఎనభై ఆరులో ఒక ఆదివారం మధ్యాహ్నం. డాల్ఫిన్ నోస్ కొండ మీద ఎండ నిప్పులు చెరుగుతోంది. పోర్టు రోడ్డులోని కంప్యూటర్ కంపెనీకి రత్నరాజు ఒక్కడే డ్యూటీకొచ్చాడు.

"చెప్పులతోపాటు ఆ ఎర్రజెండా కూడా గుమ్మం బయటే వదిలెయ్యవయ్యా," అని నవ్వుతూ మేనేజరు శ్రీరామ్మూర్తి తాళాలిచ్చాడు. "ఈ పూటతో పాత లెక్కలన్నీ కొత్త మిషన్లోకి ఎక్కించేశావా, రేపు నువ్వు పర్మనెంటు."

మొన్నటిదాకా ఆ గది నిండా మనుషులే. ఒకరు కొట్టిన అంకెల్నే పక్కసీటులో మరొకరు మళ్లీ కొట్టి సరిచూసేవారు. కొత్త మిషనొచ్చింది, అందర్నీ తీసేశారు. ఒక్కరిని ముట్టుకున్నా అందరం గేటు బయటే అని గొంతు చించుకున్నవాడు రత్నరాజే. లోపల మిగిలిందీ అతనే. చరిత్ర చక్రం ముందుకే తిరుగుతుందని పుస్తకాలు చెబుతాయి. దాని కింద ఎవరి వేళ్లు నలిగాయో చెప్పవు.

అతనికి పని నేర్పి, అతను కొట్టిందల్లా సరిచూసిన గౌరీశ్వరి, ఉద్యోగం పోయిన నెలకే ఫిషింగ్ హార్బర్ దగ్గర శవమై తేలింది.

కిటికీల్లేని గది. ఏసీ హోరు. అతను అంకె కొట్టాడు. టక్. పక్కసీటు నుంచి... టక్. గోడల ప్రతిధ్వనిలే అనుకున్నాడు.

కరెంటు పోయింది.

కటిక చీకటి. ఏసీ ఆగినా చలి తగ్గలేదు. తడిచీర వాసన, ఉప్పునీటి వాసన.

టక్... టక్...

"తమ్ముడా... తప్పు కొట్నావు."

అతను పక్కసీటు వైపు తిరిగాడు. "అక్కా... నువ్వేటి ఇక్కడ?"

"డూటీ."

"నిన్ను... తీసేసినారు గదక్కా..."

"తీసేసి నన్నెక్కడెట్టినార్రా? నాను ఇంకెక్కడికెల్తాను?"

అతని వేళ్ల కింద మీటలు వాటంతటవే దిగుతున్నాయి. ఒకటి... ఇంకొకటి... అతను కొట్టబోయే అంకెలే.

"నువ్వు లెగు. నీ పనీ అయిపోతాది."

పరుగెత్తాడు. తలుపు. వరండా. కళ్లు చెదిరే ఎండ. రోడ్డు మీద సిటీబస్సు హారను.

అయినా ఆగాడు. పని పూర్తికాకపోతే రేపటినుంచి లోపల చోటు లేదు. బయట జెండా కింద నిలబడే మొహమూ లేదు. వెనక్కొచ్చి, మూసుకుపోయిన తలుపుకు రెండు చేతులూ ఆనించి, చెవి పెట్టాడు.

లోపల రెండు సీట్లు పని చేస్తున్నాయి.

ఒకటి నిదానంగా, తడుముకోకుండా... అది అక్క చెయ్యి. రెండోది వడివడిగా పోతూ, తొమ్మిది దగ్గర చిన్నగా తడబడి, మళ్లీ పరుగందుకుంటోంది. అక్క ఎన్నిసార్లు తిట్టినా మారని తడబాటు. రత్నరాజుది.

తన చేతుల వైపు చూసుకున్నాడు.

రెండూ తలుపు మీదే ఉన్నాయి.